మొదటి ఆవలింతకే పుస్తకం మూయండి

శృంగవరపుకోట దాటింది కారు. పొద్దున 8.30 అయింది. విశాఖపట్నంలో ఆరున్నరకి బయల్దేరి, దారిలో కొత్తవలస దగ్గర ఇడ్లీ తిన్నారు. మీరు వెనక సీట్లో ఎడమ పక్కన కూర్చున్నారు. ఒళ్ళో 30 పేజీల నివేదిక. 11 గంటలకి అరకులో సమావేశం. ఆలోపు ఇదంతా చదివి, అడగాల్సిన ప్రశ్నలు రాసుకోవాలి. మీకు కుడి పక్కన మీ అమ్మాయి, తొమ్మిదేళ్ళది. మెడ వంచి ఫోన్లో బొమ్మల కథ చదువుతోంది. ముందు, డ్రైవరు పక్క సీట్లో మనుషులెవరూ లేరు, మీ సంచీ ఉంది.

ఇంతదాకా చదువు హాయిగా సాగింది. రోడ్డు తిన్నగా ఉంది. రెండు పక్కలా పొలాలు, తాటిచెట్లు. డ్రైవరు ఒకే వేగంతో పోనిస్తున్నాడు. పదకొండు పేజీలు ఇట్టే అయిపోయాయి. ఇంత వేగంగా పోతున్నా, ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటే అసలు కదులుతున్నట్టే తెలియదు. మన ఒంటికి వేగం తెలియదు, వేగం మారితేనే తెలుస్తుంది. అది మారనంతసేపూ మీకూ పుస్తకానికీ మధ్య ఎవరూ అడ్డురారు.

బొడ్డవర దాటాక కొండలు మీదికొస్తాయి. తూర్పు కనుమలు. రోడ్డు పైకి లేస్తుంది. డ్రైవరు గేరు మారుస్తాడు. ఘాట్ రోడ్డు మొదలైంది.

కారు కుడికి తిరుగుతుంది. మీ భుజం తలుపుకి ఆనుతుంది. వెంటనే ఎడమకి తిరుగుతుంది. ఈసారి మీరు అమ్మాయి మీదికి ఒరుగుతారు. కాగితం మీద అక్షరాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. పదహారో పేజీ, రెండో పేరా. చదివిన పేరానే మళ్ళీ చదువుతున్నారని కాసేపటికి గాని తెలియదు.

ఆవలింత వస్తుంది.

తెల్లవారుజామునే లేచాం, నిద్ర చాల్లేదు అనుకుంటారు. కాదు. ఇది నిద్ర మత్తు కాదు. ఊగే ప్రయాణం ఒంట్లోకి ఎక్కించే మత్తు ఇది. గ్రేబియల్, నెప్టన్ అనే పరిశోధకులు 1976లోనే దీన్ని విడిగా గుర్తించి, సోపైట్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. వికారం ఇంకా రాలేదు. ఒళ్ళు ముందుగా కబురు పంపింది, అంతే.

ఇప్పుడు కాగితాలు మూసేయవచ్చు. మీ చేతిలో పనే. కానీ ఇంకా పద్నాలుగు పేజీలున్నాయి. ఈ పేజీ ఒక్కటీ అయ్యాక చూద్దాంలే అనుకుని పేజీ తిప్పుతారు.

మరో మలుపు. తల లోపల ఏదో బరువుగా కదులుతున్నట్టుంది. కదులుతున్న మాట నిజమే. చెవిలో, కర్ణభేరికి కూడా బాగా లోపల, మూడు సన్నని అర్ధవృత్తాకార నాళాలున్నాయి. వాటి నిండా ద్రవం. నీళ్ళున్న గ్లాసును చటుక్కున తిప్పితే గ్లాసు తిరుగుతుంది గాని నీళ్ళు కాస్త వెనకబడతాయి. మీ తల తిరిగినప్పుడు ఈ ద్రవం కూడా అలాగే వెనకబడుతుంది. ఆ తేడాని అక్కడి కేశకణాలు పట్టుకుని మెదడుకి చేరవేస్తాయి. ఆ నాళాల పక్కనే ఇంకో రెండు చిన్న తిత్తులు, వాటిలో కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు. బ్రేకు పడినా, కారు పక్కకి ఒరిగినా అవి జరుగుతాయి.

తిరుగుతున్నాం, ఎక్కుతున్నాం, ఆగుతున్నాం అంటోంది చెవి. ఏమీ కదలడం లేదు అంటోంది కన్ను. కంటి ముందు తెల్లకాగితం, దాని చుట్టూ మీ మోకాళ్ళు, సీటు వెనక భాగం. అన్నీ నిశ్చలం. రెండు సాక్ష్యాలూ పొసగక మెదడు తికమకపడుతుంది. జేమ్స్ రీజన్, బ్రాండ్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1975లో ఒక పుస్తకమంతా రాసి వివరించింది ఈ తగవునే. మీ ఒళ్ళో ఉన్న పేజీ ఆ తగవుని క్షణక్షణం పెంచుతోంది.

నోట్లో నీళ్ళూరతాయి. మింగుతారు. మళ్ళీ ఊరతాయి.

ఏసీ వేసే ఉంది. అయినా నుదుటి మీద చెమట. తుడుచుకుంటే చల్లగా ఉంది. డ్యాష్‌బోర్డు మీద సెంటు సీసా ఒకటుందని ఇందాకటిదాకా మీకు తెలియనే తెలియదు. ఇప్పుడు ఆ వాసన గొంతుకి అడ్డం పడుతోంది. పొద్దున తిన్న ఇడ్లీ కడుపులో ఎక్కడుందో తెలుస్తోంది.

హారన్. ఎదురుగా లారీ. బ్రేకు.

తల ముందుకి తూలుతుంది. కాగితాలు కింద పడతాయి. వాటికోసం వంగుతారు. వంగకుండా ఉండాల్సింది. కళ్ళ ముందు అంతా గిర్రున తిరుగుతుంది.

అమ్మాయి కేసి చూస్తారు.

అది ఫోన్ చూడడం లేదు. ఎటూ చూడడం లేదు. పెదాలు పాలిపోయాయి. ఎప్పటినుంచి అలా ఉందో.

"నాకు ఎలాగో ఉంది."

"డ్రైవరుగారూ, ఆపండి."

"ఇక్కడ ఆపలేనండి. మలుపు మీదున్నాం. ఎనకాల బస్సొస్తంది. ఇంకో రెండు మలుపులెక్కితే జాగా ఉంది. పాపని రోడ్డుకేసి సూడమనండి."

రెండు మలుపులు.

కవరు కావాలి. కవరు ముందు సీట్లో, సంచీలో. చెయ్యి అందదు.

అమ్మాయిని మధ్యకి జరిపితే? ముందు రోడ్డు బాగా కనిపిస్తుంది. బెల్టు మీద చెయ్యి వేస్తారు. వద్దు. మలుపు మీద బెల్టు విప్పొద్దు.

ఫోన్ తీసుకుంటారు. అద్దం దించుతారు. కొండగాలి మొహాన కొడుతుంది.

"తల సీటుకి ఆనించు. కదపకు. రెండు సీట్ల సందులోంచి దూరంగా చూడు. రోడ్డు ఎటు తిరుగుతోంది?"

"ఎడమకి."

"డ్రైవరుగారి తల ఎటు వంగింది?"

"ఎడమకే."

"నువ్వూ అటే వంగు. ఊపిరి మెల్లగా తియ్యి. మెల్లగా వదులు."

ఒక మలుపు దాటింది.

మీకూ గొంతుదాకా వచ్చింది. మీరూ రోడ్డు చూడండి. ఊపిరి. మళ్ళీ ఊపిరి.

రెండో మలుపు. అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కారు ఆగుతుంది. కుడి తలుపు తియ్యబోతుంది. "అటు కాదు!" బస్సు హారన్ కొడుతూ పక్కనుంచి దూసుకుపోతుంది. ఎడమ తలుపు తీసి మీరు దిగుతారు, మీ వెనకే అమ్మాయి. రెండడుగులు వేసి, వంగి, వాంతి చేసుకుంటుంది.

వీపు నిమురుతారు. కాళ్ళ కింద నేల కదలడం లేదు. ఎదురుగా లోయ. దూరంగా కొండ నడుముకి కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం సన్నగా కనిపిస్తుంది. అమ్మాయి నీళ్ళు పుక్కిలించి, రెండు గుక్కలు తాగుతుంది. ఎక్కువ తాగనివ్వకండి. మీ నుదుటి మీద చెమట గాలికి ఆరుతుంది. ఇప్పుడు గాని ఆలోచించడానికి మీకు తీరిక దొరకలేదు.

గొడవ కంటికీ చెవికీ కదా, మధ్యలో కడుపేం చేసింది? ట్రైస్‌మన్ అనే శాస్త్రవేత్త 1977లో ఒక సమాధానం చెప్పాడు. ప్రకృతిలో కన్నూ చెవీ ఇలా పొసగకుండా పోయేది విషం తిన్నప్పుడే. కాబట్టి మెదడు, ఒంట్లోకి విషం చేరిందనుకుని కడుపు ఖాళీ చేయమంటుందట. ఇది ఊహే గాని, పొసగే ఊహ. పాపం, ఇడ్లీ చేసిన తప్పేమీ లేదు.

గుంతల రోడ్డు మీద ఆటోలో ఇంతకన్నా ఎక్కువ కుదుపులు తిన్నాం, అప్పుడు ఇలా కాలేదే అని అమ్మాయి అడుగుతుంది. మంచి ప్రశ్న. ఆటో కుదుపులు సెకనుకి ఎన్నో వస్తాయి. ఒళ్ళు నొప్పులు పుడతాయి గాని కడుపులో అంతగా తిప్పదు. కడుపుకి గిట్టనిది నెమ్మది ఊపు. అన్నిటికన్నా చెడ్డది దాదాపు ఐదు సెకన్లకొకసారి వచ్చే ఊపని కొలిచి చెప్పారు. ఓడ మీద సముద్రం ఊపేది ఇలాగే. ఘాట్ రోడ్డు మీద మెలికకి మెలిక వచ్చే ఊగిసలాట కూడా నెమ్మది ఊపుల కోవలోదే.

మరి డ్రైవరుకి ఏమీ కాలేదేం? ఆయన్నే అడుగుతారు.

"నేను తిప్పుతున్నాను కదండీ. బండి ఎటెళ్తదో నాకు ముందే తెలుసు. నన్ను ఎనక్కూకోబెట్టి కాయితం సేతికిచ్చారంటే నాకూ తిప్పుద్ది."

శాస్త్రం చెప్పేదీ ఇదే. రాబోయే మలుపు ముందే తెలిసిన మెదడు ఒంటిని సిద్ధం చేసుకుంటుంది. స్టీరింగు పట్టుకున్నవాళ్ళు మలుపు లోపలి వైపుకి తల వంచుతారు, పక్కనున్నవాళ్ళ తల బయటివైపుకి విసురుగా పోతుంది. అమ్మాయిని డ్రైవరు తల చూసి వంగమన్నది అందుకే.

"మాత్రేసుకున్నారా?" అని అడుగుతాడు డ్రైవరు. లేదు. ఇప్పుడు వేసుకున్నా లాభం తక్కువ. వికారం మొదలయ్యాక కడుపు తన పని మందగించుకుంటుంది, మాత్ర ఒంటబట్టడానికి ఆలస్యమవుతుంది. ప్రోమెథజిన్, మెక్లిజిన్, సిన్నరిజిన్ లాంటి మందులు బండెక్కక ముందే వేసుకోవాలి. ఇవి మత్తు తెస్తాయి. సమావేశం ఉన్న మీకు అది ఇబ్బంది, బండి నడిపేవాళ్ళకైతే ప్రమాదం. పిల్లలకి డాక్టరు చెప్పిన మందు, చెప్పినంతే ఇవ్వాలి. రెండేళ్ళలోపు వాళ్ళకి ప్రోమెథజిన్ ఇవ్వనే కూడదు. ఇంట్లో వాంతుల మాత్ర ఉంది కదా అని చాలామంది ఆన్‌డాన్‌సెట్రాన్ వేస్తారు. ప్రయాణపు వికారం మీద అది పెద్దగా పనిచెయ్యదు. డ్రైవరు జేబులోంచి నిమ్మకాయ తీసి ఇస్తాడు. అమ్మాయి గోరుతో గిల్లి వాసన చూస్తుంది. హాయిగా ఉంటే చూడనివ్వండి. అల్లం ముక్క కొందరికి పనిచేసిందంటారు, కొందరికి లేదంటారు. వాటిని నమ్ముకుని ఫోన్ మాత్రం తిరిగి చేతికివ్వకండి.

పావుగంట గడిచింది. ఇక బయల్దేరాలి. ఎవరు ఎక్కడ కూర్చోవాలి?

"పాపని ముందు కూకోబెట్టండి," అంటాడు డ్రైవరు. కడుపుకైతే ముందు సీటే మంచిది. కానీ తొమ్మిదేళ్ళ పిల్లకి గుద్దుకునే ప్రమాదంలో ముందు సీటు, దాని ఎయిర్‌బ్యాగు రెండూ ముప్పే. ఈ వయసు పిల్లల చోటు వెనక సీటే. వెనక మధ్య సీటుకి భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందో లేదో చూస్తారు. ఉంది. అమ్మాయిని అక్కడ కూర్చోబెడతారు. రెండు ముందు సీట్ల మధ్యనుంచి రోడ్డంతా కనిపిస్తోంది. కవరు దాని చేతికందే చోట పెడతారు. సెంటు సీసా డిక్కీలోకి పోతుంది. బొమ్మల కథ బదులు ఫోన్లో కథ పెడతారు. చూడడానికి కాదు, వినడానికి. 2003లో బ్రిటన్‌లో చేసిన ఒక పరిశోధనలో, ఊపిరి మీద ధ్యాస పెట్టి నెమ్మదిగా తీసుకున్నవాళ్ళూ, సంగీతం విన్నవాళ్ళూ వికారాన్ని మరింతసేపు ఓర్చుకోగలిగారు. చెవికి వినే పని ఇస్తే కళ్ళు రోడ్డు మీదే ఉంటాయి.

సంచీ తీసి మీరు ముందుకొస్తారు. "కాస్త మెల్లగా తిప్పండి, బ్రేకు ముందునుంచే నెమ్మదిగా వెయ్యండి" అని డ్రైవరుని అడుగుతారు. అడగడానికి మొహమాటపడకండి. వెనక కూర్చున్నవాళ్ళ కడుపు సగం ఆయన పాదంలోనే ఉంటుంది.

చదవాల్సిన పేజీలు ఇంకా ఉన్నాయి. అలవాటు కొద్దీ కాగితాలు ఒళ్ళో పెట్టుకుంటారు. ఆగండి. ఒళ్ళోకి చూస్తే మళ్ళీ పాత కథే. కాగితాన్ని కళ్ళ ఎత్తుకి లేపి పట్టుకోండి. దాని పైనుంచీ పక్కలనుంచీ రోడ్డు, చెట్లు కదులుతూ కనిపిస్తాయి. అక్షరాలు చదువుతున్నా, కంటి అంచులకి మలుపు తెలుస్తూనే ఉంటుంది. 2018లో నెదర్లాండ్స్ పరిశోధకులు కారులో తెరను కిందా పైనా పెట్టి చూశారు. అద్దంలోంచి బయట కనిపించే ఎత్తులో తెర ఉన్నప్పుడు వికారం తగ్గింది. ఒక్క జాగ్రత్త: మీ కాగితం డ్రైవరు చూసే ఎడమ అద్దానికి అడ్డు రాకూడదు.

కాగితం బదులు ఫోన్లో చదువుతుంటే మరో ఉపాయం ఉంది. ఆపిల్ సంస్థ 2024లో తన ఫోన్లలో తెర అంచున చిన్న చుక్కలు పెట్టింది. కారు తిరిగితే చుక్కలు జరుగుతాయి, బ్రేకు పడితే కదులుతాయి. చెవికి తెలిసింది కంటికీ చూపించాలన్నదే దాని ఉద్దేశం. 2018లో సిట్రోయెన్ కంపెనీ తెచ్చిన కళ్ళజోడులో నీలి ద్రవం ఊగేదీ అందుకే. ఉపాయాలు ఎన్నున్నా పని ఒక్కటే, కన్నూ చెవీ ఒకే మాట చెప్పేలా చూడడం.

కారు కదులుతుంది. అనంతగిరి. రెండు పక్కలా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, నీడలో కాఫీ తోటలు. తిన్నటి రోడ్డు వచ్చినప్పుడు నాలుగు వాక్యాలు చదువుతారు. మలుపు రాగానే తల ఎత్తి రోడ్డు చూస్తారు. మళ్ళీ నాలుగు వాక్యాలు. నెమ్మదే, కానీ చదివింది బుర్రకెక్కుతోంది. పదిహేడు అయింది. పద్దెనిమిది అయింది.

గాలికొండ మలుపులు. ఒకటి. రెండు. పంతొమ్మిదో పేజీ.

ఆవలింత.

ఈసారి ఆగుతారు. వాక్యం సగంలో ఉంది. ఉండనివ్వండి. కాగితాలు మూస్తారు. తల సీటుకి ఆనిస్తారు. చూపు దూరంగా. అద్దం కొద్దిగా దించుతారు. ఊపిరి నెమ్మదిగా. మలుపు ఎడమకి, తల ఎడమకి. మలుపు కుడికి, తల కుడికి. నోట్లో నీళ్ళూరతాయేమోనని చూస్తారు. ఊరలేదు. వెనకనుంచి అమ్మాయి నవ్వు వినిపిస్తుంది. కథలో ఏదో వచ్చినట్టుంది.

సుంకరమెట్ట దాటాక లోయ విప్పారుతుంది. రోడ్డు తిన్నబడుతుంది. మళ్ళీ కాగితం లేపుతారు. ఇరవై నాలుగో పేజీ దగ్గర అరకు వచ్చేస్తుంది. టైము 10.40. మిగిలిన ఆరు పేజీలు ఆగిన కారులో కూర్చుని చదువుతారు. కదలని బండిలో పది నిమిషాల పని అది. ఘాట్ రోడ్డు మీదైతే ఆ ఆరు పేజీల కోసం సమావేశమే పోగొట్టుకునేవారు.

కారు పడకపోవడం బలహీనత కాదు. లోపలి చెవి పూర్తిగా పనిచెయ్యనివాళ్ళకి ఈ వికారం రాదు. 1882లోనే విలియం జేమ్స్, బధిరుల్లో చాలామందికి తల తిరగడమే తెలియదని గమనించి రాశాడు. కడుపులో తిప్పిందంటే మీ చెవి సరిగ్గా పనిచేస్తోందన్నమాట. రెండేళ్ళలోపు పసివాళ్ళకి ఈ బాధ అరుదు. తొమ్మిది పదేళ్ళప్పుడు అన్నిటికన్నా ఎక్కువ, ఆ తరవాత మెల్లగా తగ్గుతుంది. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకి, పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్ళకి ఎక్కువ. అందుకే వెనక సీట్లోంచి పిల్ల "ఎలాగో ఉంది" అంటే "ఏం కాదు, ఊరుకో" అనకండి. దాని చేతిలో ఫోన్ తీసుకోండి, రోడ్డు చూపించండి, ఆపడానికి చోటున్న దగ్గర బండి ఆపండి.

మీరు చదవక తప్పకపోతే ముందు సీట్లో కూర్చోండి. కాగితం కళ్ళ ఎత్తుకి పట్టుకోండి. తిన్నటి రోడ్డు మీదే చదవండి. మొదటి ఆవలింతకి మూసేయండి. చెమట పట్టాక చేసే చికిత్సలు చాలావరకు ఆలస్యమే. ఆవలింత దగ్గర ఆగితే పేజీ పోతుంది, ఆగకపోతే ప్రయాణమే పోతుంది.